రిటర్న్ లోడు

గాజీపూర్ మండీకి చేపలు తెచ్చిన ఆంధ్రా లారీ మళ్లీ ఇంటిదారి పట్టాలంటే ముందు ఒక ఫోన్ మోగాలి. ఆ ఫోన్ చేసే బ్రోకరుకూ, స్టీరింగు పట్టిన డ్రైవరుకూ మధ్య నడిచే లెక్క ఇది.

ఢిల్లీని ఆనుకున్న ఇందిరాపురంలో పై అంతస్తుల్లో కాపురం ఉండేవాళ్లు పడమటి కిటికీ తెరవడానికి అంతగా ఇష్టపడరు. అటువైపు గాజీపూర్ చెత్తగుట్ట. 1984లో పోయడం మొదలుపెట్టారు. 2017 సెప్టెంబరు 1న ఒక పక్క కూలి ఇద్దరి ప్రాణం తీసింది. 2019 నాటికి ఎత్తు 65 మీటర్లయింది. ఆ గుట్ట చుట్టుపక్కలే ఢిల్లీకి కూరగాయలు, పూలు, కోళ్లు, చేపలు పంచే గాజీపూర్ మండీలున్నాయి. ఉత్తరప్రదేశ్ సరిహద్దు దాటితే ఇందిరాపురం అపార్టుమెంట్లు, దాటకముందు చేపల మండీ. నోయిడా ఆఫీసుల్లో పనిచేస్తూ ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆదివారం పొద్దున శీలావతి కోసమో బొచ్చె కోసమో వెళ్లేది అక్కడికే.

ఆ చేప చాలావరకు మనూరిదే. కైకలూరు, ఆకివీడు, భీమవరం చుట్టూ చెరువుల్లో పెరిగి, ఐసు ముక్కల మధ్య ట్రేలలో సర్దుకుని, పద్ధెనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దారి వస్తుంది. విజయవాడ, హైదరాబాదు, ఆదిలాబాదు, నాగపూర్, సాగర్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా. పల్వల్ దగ్గరకొచ్చాక 2018 మే 27న తెరిచిన ఈస్టర్న్ పెరిఫెరల్ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే గాజియాబాద్ వైపు తేలొచ్చు. ఇద్దరు డ్రైవర్లు చేతులు మార్చుకుంటూ నడిపినా రెండు రాత్రులు దారిలోనే తెల్లవారతాయి. మండీలో హమాలీలు ట్రేలు దించుతున్నంతసేపూ ఆ లారీకి మర్యాద ఉంటుంది. సరుకు కరిగిపోయేది, ఎదురుచూసేవాళ్లు చాలామంది. ఆఖరి ట్రే దిగాక అదే లారీని పలకరించే నాథుడుండడు.

ఈ కథనం ఆ ఆఖరి ట్రే దిగాక మొదలయ్యే గంటల గురించి.

పోయేటప్పుడు ఒక లెక్క, వచ్చేటప్పుడు ఇంకొకటి

కైకలూరులో లోడు ఎక్కేటప్పుడు లారీ సొంత గడ్డ మీద ఉంటుంది. ఓనరుకు ఆ ప్యాకింగ్ షెడ్డు తెలుసు, లోడింగ్ ఏజెంటు తెలుసు, ఈ వారం ఢిల్లీకి ఎంత పలుకుతోందో టీ కొట్టు దగ్గర విన్నా తెలుస్తుంది. మాట తేడా వస్తే రేపు మళ్లీ అదే ఏజెంటు ముఖం చూడాలి కాబట్టి ఇద్దరూ కొంత తగ్గి ఉంటారు. చేపల లోడుకు టైము మీద షరతు ఉంటుంది. ఆలస్యమైతే కిరాయిలో కోత పడుతుందని డ్రైవరుకు బయల్దేరేముందే తెలుసు. కష్టమైన పనే, అయినా లెక్క కళ్లముందు ఉంటుంది.

గాజీపూర్‌లో ఖాళీ అయిన లారీ పరాయి ఊళ్లో ఉంటుంది. పైగా పెద్ద లారీకి పగలు ఎక్కువసేపు ఢిల్లీ రోడ్ల మీద నో ఎంట్రీ. తెల్లవారకముందే సరిహద్దు దాటి, జాతీయ రహదారి పక్కనో సాహిబాబాద్ పారిశ్రామికవాడ సందుల్లోనో నిలబడాలి. ఉత్తర ఢిల్లీలోని సంజయ్ గాంధీ ట్రాన్స్‌పోర్ట్ నగర్‌లో వరసగా బుకింగ్ ఆఫీసులుంటాయి కానీ, అక్కడిదాకా ఊరికే తిప్పుకుంటూ పోతే డీజిలు ఎవరిస్తారు? కనుక ఫోనే గతి. వాట్సాప్ గ్రూపుల్లో "విజయవాడ ఖాళీ, పది చక్రాలు" అని ఓనరు అక్కడి నుంచి పెడతాడు, డ్రైవరు ఇక్కడి నుంచి నాలుగు నంబర్లకు చేస్తాడు. పైప్‌లు, స్టీలు కాయిల్సు, మోటార్లు, ఫ్యాన్లు, ఏదో ఒక లోడు పడాలి. చేపల వాసన వదలని బండికి పిండి, బిస్కట్లు, బట్టలు ఎక్కించడానికి ఎవరూ ఒప్పుకోరు. అంటే ఉన్న కొద్దిపాటి బేరంలోనూ సగం ముందే పోయినట్టు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ఎవరు కట్టారో గానీ, రిటర్న్ లోడు కోసం నిలబడ్డ డ్రైవరును చూసి కట్టినట్టే ఉంటుంది.

ఖాళీగా వెనక్కి వస్తే? పూర్తి లోడుతో పది చక్రాల లారీ లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చిందనుకుంటే పద్ధెనిమిది వందల కిలోమీటర్లకు 450 లీటర్లు. 2024 మార్చి తగ్గింపు తర్వాతి ఢిల్లీ ధర లీటరుకు 87 రూపాయల పైచిలుకు. దాని ప్రకారం దాదాపు 40 వేలు. ఖాళీ బండి కాబట్టి కొంత తక్కువ తాగినా, టోల్ మాత్రం తగ్గదు. కాబట్టి ఖాళీగా వచ్చేదానికంటే నష్టానికైనా లోడు ఎక్కించడమే నయమని ఓనరు లెక్క వేస్తాడు. ఆ లెక్క బ్రోకరుకూ తెలుసు. అసలు చిక్కు అక్కడే ఉంది.

"ఉస్తాద్, గాడీ కహా ఖడీ హై?"

ఢిల్లీ బ్రోకరు డ్రైవరును ఉస్తాద్ అంటాడు. డ్రైవరు అతన్ని భాయ్‌సాబ్ అంటాడు. మొదటి ప్రశ్న బండి ఎక్కడ నిలబడింది, రెండోది ఎప్పట్నుంచి నిలబడింది. ఆ రెండో ప్రశ్న చాలా ఖరీదైంది. నిన్నటి నుంచి అంటే ఒక రేటు, మొన్నటి నుంచి అంటే ఇంకో రేటు. రెండు రోజులు నిలబడ్డ డ్రైవరు చేతిఖర్చు అయిపోతుంది, ఓనరు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటాడు, బండి కిస్తీ తేదీ దగ్గరపడుతుంది. నెలకు 60 వేల కిస్తీ కట్టాల్సిన బండి ఒక రోజు ఊరికే నిలబడితే రెండు వేలు పోయినట్టే. ఇవన్నీ బ్రోకరు అడగనక్కర్లేదు. అందుకే అనుభవం ఉన్న డ్రైవర్లు ఎప్పుడూ "ఇప్పుడే ఖాళీ అయింది భాయ్‌సాబ్" అనే చెబుతారు.

బేరం కుదిరిందనుకుందాం. సరుకు ఎవరిది? ఫ్యాక్టరీ ఒక పెద్ద రవాణా కంపెనీతో ఏడాది ఒప్పందం చేసుకుని ఉంటుంది. ఆ కంపెనీకి సొంత బండ్లు చాలవు, ఒక బుకింగ్ ఆఫీసుకు చెబుతుంది. బుకింగ్ ఆఫీసు బ్రోకరుకు చెబుతుంది. ఆ బ్రోకరు చేతిలో బండి లేకపోతే ఇంకో బ్రోకరును అడుగుతాడు. చివరికి ఫోన్ మోగేది లారీలో. ఫ్యాక్టరీ టన్నుకు ఎంత ఇస్తోందో, మధ్యలో ఎన్ని చేతులు మారిందో, ఒక్కో చేతిలో ఎంత ఆగిందో డ్రైవరుకు గానీ ఓనరుకు గానీ తెలిసే దారి లేదు.

కాగితాలు చూస్తే తెలియదా అనుకోవచ్చు. 2018 ఏప్రిల్ 1 నుంచి సరుకుతో పాటు ఈ-వే బిల్లు ఉండాలి. అందులో పంపేవాడి పేరు, అందుకునేవాడి పేరు, సరుకు విలువ, లారీ నంబరు అన్నీ ఉంటాయి. కిరాయి ఉండదు. లారీతో వచ్చే సరుకు రసీదు ఎల్.ఆర్., అదే ఇక్కడివాళ్లు బిల్టీ అనేది, కిరాయి గడిలో తరచూ "టు బి బిల్డ్" అని రాసుకుని వస్తుంది. లెక్క తర్వాత చూసుకుంటామని దానర్థం. ఆ చూసుకునేవాళ్లలో లారీవాడు లేడు. ఇరవై టన్నుల స్టీలును, దాని లక్షల విలువను నమ్మకంగా అప్పగించిన మనిషికి దాన్ని మోసినందుకు ఎంత ఇస్తున్నారో మాత్రం చెప్పరు. వ్యాపార రహస్యం అంటారు. ఎవరి వ్యాపారం, ఎవరికి రహస్యం?

ఇక డబ్బు చేతికొచ్చే తీరు. లోడు ఎక్కగానే కిరాయిలో పెద్ద భాగం, చాలాచోట్ల ఎనభై తొంభై శాతం దాకా, అడ్వాన్సుగా ఇస్తారు. డీజిలు, టోలు, దారి ఖర్చులకు అది సరిపోతుంది. అందులోంచే బ్రోకరు తన కమీషను ముందే పట్టుకుంటాడు. మిగతా బ్యాలెన్సు సరుకు దిగాక, దిగినట్టు సంతకం, ముద్ర పడిన కాగితం బుకింగ్ ఆఫీసుకు చేరాక వస్తుంది. ఆ కాగితం కొరియర్లో ఢిల్లీ చేరాలి. చేరాక అకౌంటెంటు చూడాలి. చూశాక షార్టేజీ అనో, డ్యామేజీ అనో, ఆలస్యమనో, హమాలీ తేడా అనో ఒక కోత పడుతుంది. ఒక పైప్‌కు సొట్ట పడిందంటే అది లోడింగులో పడిందా, దారిలో పడిందా, దింపేటప్పుడు పడిందా అని వాదించడానికి విజయవాడలో ఉన్న ఓనరు ఢిల్లీ రాలేడు. బ్యాలెన్సు చిన్న మొత్తమే. కానీ అడ్వాన్సు అంతా దారి తినేశాక ఓనరుకు మిగిలే లాభం ఆ చిన్న మొత్తంలోనే ఉంటుంది. అంటే ఖర్చు ముందే చేతికొస్తుంది, ఆదాయం అవతలివాడి దగ్గర ఉండిపోతుంది.

హాల్టింగ్ సంగతి వేరు. అన్‌లోడింగ్ పాయింటులో గోదాము తాళం తీయలేదు, ఆదివారం, జీఎస్టీ బిల్లులో తప్పు, ఇలా ఏ కారణానికైనా లారీ నిలిచిపోతుంది. మొదటి ఇరవై నాలుగు గంటలు ఉచితం, ఆ తర్వాత రోజుకు ఇంత అని నోటిమాటగా అనుకుంటారు. ఆ ఇంత ఎవరిస్తారన్నది మాత్రం గోదాము బ్రోకరు మీదకు, బ్రోకరు కంపెనీ మీదకు తోసుకుంటూ పోతారు. తెగేసరికి బండి ఇంకో లోడు మీద ఉంటుంది.

బ్రోకరు వైపు నుంచి

ఇంతదాకా చదివితే బ్రోకరు విలనని తేలిపోయినట్టు ఉంటుంది. నాకు అలా అనిపించదు. ఒకప్పుడు లారీ నడిపి, నడుం పట్టేసి, రెండు ఫోన్లతో కుర్చీలో కూర్చున్నవాళ్లు ఈ రంగంలో తక్కువేమీ లేరు. ముక్కూ ముఖం తెలియని లారీకి లక్షల సరుకు ఎక్కించి పంపే పూచీ అతనిది. బండి దారి తప్పినా, నంబరు ప్లేటు మార్చినా, సరుకు మాయమైనా ఫ్యాక్టరీ ముందు నిలబడాల్సింది అతనే. రాత్రి రెండు గంటలకు సాగర్ దగ్గర టైరు పేలితే డ్రైవరు మొదట ఓనరుకు, ఓనరు ఎత్తకపోతే బ్రోకరుకే చేస్తాడు.

అన్నిటికంటే ముఖ్యం, అతను లారీకి అడ్వాన్సు ఇవాళ ఇస్తాడు. ఫ్యాక్టరీ అతనికి, లేదా అతని పైవాడికి ఇచ్చేది నెల, రెండు నెలలు పోయాక. మధ్యలో తిరిగే డబ్బు బ్రోకరు సొంతమో, వడ్డీకి తెచ్చిందో. ఈ దేశంలో లారీల్లో అత్యధిక భాగం ఐదు బండ్లకు మించని చిన్న యజమానులవే. వాళ్లకు అరవై రోజుల అప్పు మీద బండి తిప్పే స్తోమతు లేదు. బ్యాంకు ఇవ్వని ఆ అప్పును బ్రోకరు ఇస్తున్నాడు, దాని వడ్డీ కిరాయి తేడాలో కనపడకుండా పట్టుకుంటున్నాడు. అందుకే బ్రోకర్లను తీసేయాలన్న ప్రతి ప్రయత్నమూ, ఆ అప్పు ఎవరిస్తారన్న ప్రశ్న దగ్గర ఆగిపోతుంది.

పెద్ద కంపెనీల మీద ఒత్తిడి పెట్టే చట్టం ఒకటి లేకపోలేదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం నమోదైన చిన్న సంస్థకు 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంకు రేటుకు మూడింతలు, నెలవారీ చక్రవడ్డీతో. రవాణా సేవ దాని కిందకు వస్తుంది. అయితే ఫ్యాక్టరీతో ఒప్పందం ఉన్నది పెద్ద రవాణా కంపెనీకి, రెండు లారీల ఓనరుకు ఉన్నది వాట్సాప్‌లో ఒక మెసేజీ. మూడింతల వడ్డీ అడిగే ధైర్యం చేస్తే మరుసటి లోడు పడదు.

స్టీరింగు వెనక జీతం

ఓనరూ బ్రోకరూ బేరమాడుకుంటారు సరే, నడిపేవాడికి ఎంత? సొంత బండి సొంతంగా నడుపుకునేవాడిని పక్కన పెడితే పద్ధతులు మూడు రకాలు. నెల జీతం మీద ట్రిప్పుకు బత్తా. లేదా కిలోమీటరుకు ఇంత. లేదా ట్రిప్పు మొత్తానికి ఖర్చులు గుత్తగా ఇచ్చి, మిగిలింది నీదే అనడం. మూడో పద్ధతి వినడానికి బాగుంటుంది. డీజిలు పొదుపు చేస్తే డ్రైవరుకే కదా లాభం! నిద్ర మానేసి, భోజనం మానేసి, టోలు లేని అడ్డదారి వెతికి పొదుపు చేయాలన్నది అందులో చెప్పని మాట.

మూడింటిలోనూ నిలబడ్డ రోజుకు విలువ లేదు. కిలోమీటరు లెక్కలో చక్రం తిరగని గంటకు సున్నా. ట్రిప్పు బత్తాలో ట్రిప్పు మూడు రోజులైనా ఏడు రోజులైనా బత్తా ఒక్కటే. కాబట్టి గాజీపూర్‌లో రిటర్న్ లోడు కోసం నిలబడ్డ రెండు రోజుల నష్టంలో ఓనరు వాటా కిస్తీ అయితే, డ్రైవరు వాటా ఆ రెండు రోజుల జీవితం. బ్రోకరు ఆలస్యం చేసిన గంటలను తర్వాత దారిలో పూడ్చాల్సింది కూడా డ్రైవరే. అర్ధరాత్రి లారీ డివైడరు ఎక్కిందని పేపర్లో చిన్న వార్త వస్తుంది, డ్రైవరు కునికిపాటే కారణమని రాస్తారు. ఆ కునికిపాటు ఏ ఊళ్లో, ఎవరి గోదాము ముందు మొదలైందో రాయరు.

2020లో సేవ్‌లైఫ్ ఫౌండేషన్, మహీంద్రా కలిసి దేశంలో పది రవాణా కేంద్రాల్లో 1,200 మందికి పైగా డ్రైవర్లను అడిగాయి. నూటికి 82 మంది తమ ఆఖరి ట్రిప్పులో ఎక్కడో ఒకచోట లంచం ఇచ్చామన్నారు. దేశం మొత్తం మీద ఆ మామూళ్లు ఏడాదికి దాదాపు 48 వేల కోట్లుంటాయని ఆ నివేదిక అంచనా. ఆ డబ్బు ఏ బిల్టీలోనూ ఉండదు. ఓనరు ఇచ్చిన దారి ఖర్చుల్లోంచే పోవాలి, లెక్క చెప్పలేకపోతే డ్రైవరు తిన్నాడనే మాట పడాలి.

పనిగంటల చట్టం మనకు 1961 నుంచీ ఉంది. మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలంది. దూర మార్గాలకు 10 గంటల దాకా వెసులుబాటు ఇచ్చింది. ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థకే వర్తిస్తుందనీ అంది. రెండు లారీల ఓనరు అక్కడే తప్పుకున్నాడు. 2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి ఆ చట్టం వాటిలో కలిసిపోయింది. భద్రత, పని పరిస్థితుల కోడ్‌లో సంస్థ అనిపించుకోవాలంటే పదిమంది ఉండాలి. చిన్న ఓనరు దగ్గర పనిచేసే డ్రైవరుకు చట్టం దగ్గరవుతుందనుకుంటే ఇంకాస్త దూరం జరిగింది.

చట్టంలో ఉన్న బ్రోకరు

విచిత్రం ఏమిటంటే బ్రోకరు చట్టానికి తెలియనివాడేం కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 93వ సెక్షను, సరుకు సేకరించి లారీలకు అప్పగించే ఏజెంటు లైసెన్సు తీసుకోవాలంటుంది. బ్రిటిషు కాలపు 1865 చట్టాన్ని తీసేసి 2007లో తెచ్చి, 2011 మార్చి 1 నుంచి అమలు చేసిన రోడ్డు రవాణా చట్టం, కామన్ క్యారియర్ అనే నిర్వచనంలో బ్రోకరు పేరును ఎత్తి మరీ చెప్పి, రిజిస్ట్రేషను లేకుండా వ్యాపారం చేయకూడదంది. రెండు ఫోన్లూ ఒక కుర్చీ ఉన్న ఆఫీసుల్లో ఆ సర్టిఫికెట్టు చూపించమని అడిగే లారీ డ్రైవరు ఎవరు?

మోటారు వాహనాల చట్టం 67వ సెక్షనులో ఇంకో అధికారం నిద్రపోతోంది. సరుకు లారీల కిరాయికి గరిష్ఠం, కనిష్ఠం నిర్ణయించేలా రాష్ట్ర ప్రభుత్వం ఆదేశాలివ్వొచ్చు. బస్సు చార్జీ పెంచితే ఊరంతా గొడవ కాబట్టి ఆ సెక్షను బస్సుకు పనికొచ్చింది. లారీ కిరాయిని మార్కెట్టుకే వదిలేశారు.

అయితే ఓవర్‌లోడు దగ్గర మాత్రం చట్టానికి కళ్లు బాగా కనిపిస్తాయి. 2019 సెప్టెంబరు నుంచి జరిమానా 20 వేలు, ఆపైన అదనపు టన్నుకు 2 వేలు. బిల్టీలో బరువు రాసేది పంపేవాడు, ఎక్కించమనేది బ్రోకరు, పట్టుబడేది రోడ్డు మీద ఉన్నవాడు. "రెండు టన్నులు ఎక్కువే, రేటు కూడా చూస్తాలే ఉస్తాద్" అన్న మాట కాటా దగ్గర సాక్ష్యానికి రాదు.

చక్రం ఆపిన రోజులు

డ్రైవర్లకు, ఓనర్లకు బలం లేదా అంటే ఉంది. 2024 జనవరి 1, 2 తేదీల్లో అది దేశమంతా చూసింది. భారతీయ న్యాయసంహిత 106(2) సెక్షను, ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలంది. లారీలు ఆగాయి, హైదరాబాదు పెట్రోలు బంకుల ముందు కిలోమీటర్ల వరసలు, ఒక డెలివరీ కుర్రాడు గుర్రమెక్కి పార్సిలు ఇవ్వడానికి వెళ్లిన వీడియో మీరూ చూసే ఉంటారు. రెండో రోజు రాత్రికే కేంద్ర హోం శాఖ మాట్లాడుకుందామంది. ఆ ఏడాది జులై 1న కొత్త చట్టాలు అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క సెక్షనును పక్కన పెట్టారు.

2018 జులై 20న మొదలై ఎనిమిది రోజులు సాగిన ఓనర్ల సమ్మె డీజిలు ధర, టోలు, బీమా ప్రీమియం మీద. ఆ నెలలోనే కేంద్రం లారీల బరువు పరిమితి పెంచింది. పది చక్రాల బండి మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులయింది. వినడానికి లాభమే. కానీ రోడ్డు మీద ఒక్క కొత్త లారీ దిగకుండానే దేశంలో మోసే సామర్థ్యం పెరిగిపోయింది. సరుకు మాత్రం అంతే ఉంది. బేరంలో ఎవరి చేయి పైన పడిందో వేరే చెప్పనక్కర్లేదు.

కిరాయి మీదే కొట్లాడి నిలబడ్డవాళ్లు హిమాచల్‌లో ఉన్నారు. దాడ్లాఘాట్, బర్మాణా సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర లారీలన్నీ స్థానిక ఓనర్ల సంఘాలవే, మధ్యలో బ్రోకరు లేడు. కిరాయి ఎక్కువైపోయిందని అదానీ గ్రూపు 2022 డిసెంబరులో రెండు ఫ్యాక్టరీలూ మూసేసింది. 67 రోజుల తర్వాత టన్నుకు కిలోమీటరుకు చిన్న బండికి 10.30, పెద్ద బండికి 9.30 రూపాయలకు రాజీ కుదిరింది. రేటు తగ్గింది, అయినా అది బోర్డు మీద రాసి ఉన్న రేటు. దీనికి రెండో ముఖం పంజాబు. అక్కడ సంఘాలు తాము చెప్పిందే రేటనీ, బయటి బండి రాకూడదనీ పట్టుబడితే 2017లో ప్రభుత్వం వాటిని రద్దు చేసింది. బ్రోకరు లేని చోట సంఘమే బ్రోకరైపోయే ప్రమాదం ఉంది మరి.

బయటి దేశాల్లో బ్రెజిల్ 2018 మే సమ్మెతో స్తంభించిపోయాక కనీస కిరాయికి చట్టం చేసింది. అమెరికా దారి వేరు. రేటు జోలికి పోలేదు, చూసే హక్కు ఇచ్చింది. బ్రోకరు ప్రతి లోడుకు రికార్డు ఉంచాలి, ఆ లావాదేవీలో ఉన్న ఎవరికైనా అది చూసే హక్కుంది. బ్రోకరు 75 వేల డాలర్ల పూచీకత్తు కట్టి ఉంచాలి, ఎగవేస్తే లారీవాడు దాని మీద క్లెయిము వేసుకోవచ్చు. హక్కు వదులుకుంటున్నానని ఒప్పందంలో సంతకం పెట్టించుకునే తెలివి అక్కడి బ్రోకర్లకూ ఉంది. 2020 మేలో అక్కడి లారీవాళ్లు వైట్‌హౌస్ దగ్గర ట్రక్కులు వరసగా నిలిపి హారన్లు మోగించింది ఇందుకే.

నా మట్టుకు నాకు ఈ రెండో దారే మనకు పనికొచ్చేదనిపిస్తుంది. రేటు ప్రభుత్వం రాస్తే కాగితం మీద ఒకటి, చేతిలో ఒకటి అవుతుంది. కానీ ఈ-వే బిల్లు అనే కాగితం ఇప్పటికే ప్రతి లారీలో ఉంది. సరుకు విలువ రాసే ఆ కాగితంలో సరుకు పంపినవాడు ఇచ్చే కిరాయికి ఒక గడి, లారీ లోపలికి వచ్చిన టైముకు ఒక గడి, బయటికి వెళ్లిన టైముకు ఒక గడి పెడితే ఏం పోతుంది? బ్రోకరు తన వాటా తీసుకోనీ. ఎంతో అందరికీ కనపడనీ.

యాప్ వస్తే

ఫోన్‌లోనే లోడు దొరికితే మధ్యవర్తి ఎందుకన్న ఆలోచన పదేళ్ల నాటిది. బెంగళూరులో 2015లో పుట్టిన బ్లాక్‌బక్ లారీకీ లోడుకూ పెళ్లి కుదురుస్తానని వచ్చింది. 2024 నవంబరులో షేర్ మార్కెట్టు దాకా వెళ్లింది. ఆ నాటికి దాని ఆదాయంలో ఎక్కువ భాగం టోల్ చెల్లింపులు, జీపీఎస్ లాంటి సేవలది. పెద్ద కంపెనీల సరుకు రవాణా వ్యాపారం వదిలేసింది. గురుగ్రామ్‌లో 2014లో మొదలైన రివిగో ఇంకా మంచి ఆలోచన చేసింది. లారీ ఆగదు, నాలుగైదు గంటలకో డ్రైవరు మారతాడు, దిగిన డ్రైవరు ఎదురు బండి ఎక్కి రాత్రికి ఇంటికి చేరతాడు. డ్రైవరును మనిషిగా లెక్కలోకి తీసుకున్న పథకం. 2022లో దాని ఎక్స్‌ప్రెస్ వ్యాపారాన్ని మహీంద్రా లాజిస్టిక్స్ 225 కోట్లకు కొనుక్కుంది. రివిగో ఖర్చు తట్టుకోలేకపోయింది.

యాప్‌లో రేటు కనిపిస్తుంది, నిజమే. అయితే యాప్ అడ్వాన్సు ఇస్తుందా, టైరు పేలితే ఫోన్ ఎత్తుతుందా? చాలా యాప్‌లలో లోడు పెట్టేది మళ్లీ ఆ పాత బ్రోకర్లే. చట్టం కూడా ఇక్కడ తడబడింది. 2019 సవరణలో మోటారు వాహనాల చట్టంలోకి అగ్రిగేటరు వచ్చాడు గానీ, నిర్వచనం ప్రయాణికుడినీ డ్రైవరునూ కలిపేవాడని. సరుకునూ లారీనీ కలిపేవాడు అందులో లేడు.

మీ ఇంటి సామాను కూడా

ఇందిరాపురం నుంచి హైదరాబాదుకో విజయవాడకో బదిలీ అయి వెళ్లే కుటుంబం ప్యాకర్లకు ఫోన్ చేసి, బేరమాడి, మొత్తం కట్టి, కార్టన్లు ఎక్కుతుంటే చూస్తుంది. ఆ సామాను చాలాసార్లు ప్యాకర్ల సొంత బండిలో పోదు. గోదాముకు వెళ్లి, అక్కడి నుంచి దక్షిణానికి రిటర్న్ లోడు కోసం చూస్తున్న ఏదో ఒక లారీ ఎక్కుతుంది. సోఫా విజయవాడకు వారం ఆలస్యంగా వస్తే మనం తిట్టేది డ్రైవరునే, ఎదురుగా కనిపించేది అతనే కాబట్టి. బుక్ చేసేటప్పుడు బిల్టీ ఎవరి పేరున వస్తుంది, లారీ నంబరు ఎంత, లారీకి కిరాయి ఎంత ముట్టింది అని అడగడం మన హక్కే. మూడో ప్రశ్నకు జవాబు రాకపోవచ్చు. అడిగేవాళ్లు పెరిగితే రావచ్చు.

ఢిల్లీ సరిహద్దులో ఇప్పుడు లెక్క ఇంకో మలుపు తిరుగుతోంది. 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు ఢిల్లీలోకి వచ్చే సరుకు బండ్ల మీద కాలుష్య పరిహార రుసుము వేసింది, మొదట బండి సైజును బట్టి 700, 1,300 రూపాయలు. ఆ డిసెంబరులోనే రెట్టింపు చేసింది. కూరగాయలు, పాలు వంటి నిత్యావసరాల బండ్లకు అప్పుడిచ్చిన మినహాయింపును 2025లో తీసేసింది. అదే ఏడాది నవంబరు 1 నుంచి ఢిల్లీలో రిజిస్టరు కాని బీఎస్-3, అంతకు ముందటి కాలుష్య ప్రమాణాల సరుకు బండ్లకు ప్రవేశం లేదు. బీఎస్-4 బండ్లకు గడువు 2026 అక్టోబరు 31. దేశమంతా బీఎస్-6 వచ్చింది 2020 ఏప్రిల్‌లో. అంటే 2018లోనో 19లోనో అప్పు చేసి కొన్న ఆంధ్రా లారీ, కిస్తీలు తీరి ఇక నాలుగు రూపాయలు మిగులుతాయనుకున్న సమయానికి గాజీపూర్ మండీ గేటు దాకా రావడానికి ఉండదు. పల్వల్‌లోనో గాజియాబాద్ బయటో ఆపి, ఐసు కరగకముందే చేపను వేరే బండిలోకి మార్చుకోవాలి. ఆ బండి ఎవరు మాట్లాడిపెడతారు, ట్రేకు ఎంత అన్న బేరాలు రహదారి పక్క దాబాల దగ్గర మొదలవ్వడానికి ఎంతో కాలం పట్టదు. ఆ చివరి నలభై యాభై కిలోమీటర్లకు కూడా ఒక భాయ్‌సాబ్ కావాలి, అతని కమీషను కైకలూరులో ఒప్పుకున్న కిరాయిలోంచే పోవాలి.